కడుపు మాడితే గడ్డ మాడుతుందా?

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మా వీధి చివరింటి అమ్మాయి వెనక వాకిట్లోంచి వచ్చింది. ఎప్పుడూ ముందు వాకిట్లోంచి కేకేసుకుంటా వచ్చే పిల్ల అట్లా వచ్చిందంటేనే ఏదో ఉందనుకున్నాను. నేను గిన్నెలు తోముతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ మాటా ఈ మాటా చెప్పింది. లేవబోతూ, "అక్కా, మీ వదిన తాగిన ఆకు కషాయం ఎక్కడ దొరికేది?" అంది.

చేతిలో గిన్నె అట్లానే పట్టుకుని ఉండిపోయాను.

మా వదిన పోయి మూడేళ్ళయింది. ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెప్పేటప్పటికి నిమ్మకాయంత అయింది. సూది పరీక్ష చేసి క్యాన్సరేనన్నారు, ఆపరేషను, కీమో రాసిచ్చారు. ఇంతలో ఎవరో ఒకాయన పేరు చెప్పారు. ఆయన మా వాళ్ళను కూర్చోబెట్టి, "కత్తి తగిలితే పాకుద్దమ్మా. కడుపు మాడిస్తే గడ్డ మాడుద్ది" అన్నాడు. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఏడు నెలలు నడిచింది. గోధుమగడ్డి రసం, లక్ష్మణఫలం ఆకు కషాయం, వారానికి మూడు రోజులు నీళ్ళ ఉపవాసం. అన్నం లేదు, ఉప్పు లేదు, పాలు లేవు. అరవై కిలోల మనిషి నలభై నాలుగుకు వచ్చింది. గడ్డ మాత్రం చిక్కలేదు, చంకలోకి పోయింది. మళ్ళీ ఆస్పత్రికి తీసకపోతే, ముందు మనిషికి బలం రావాలి, ఆ తర్వాతే కీమో అన్నారు. ఆ బలం రాలేదు.

ఆ ఆకు తెచ్చి మరగబెట్టి, వడగట్టి, గ్లాసులో పోసి ఇచ్చింది నేనే. అందుకే ఈ సంగతి రాయాలనుకున్నాను. ఆ మాట అసలు ఎక్కడి నుంచి వచ్చింది, మన నెల్లూరు తీరంలో ఎట్లా వేళ్ళూనింది, దానిలో నిజం ఎంత అని ఈ మూడేళ్ళలో దొరికిన పుస్తకమల్లా చదివాను.

ఉపవాసం మనకు కొత్త కాదు. మా అత్తగారికి ఏకాదశి, కార్తీక సోమవారాలు, శివరాత్రి. పక్కింటి బీబమ్మకు రంజాన్. పట్టపుపాలెంలో చర్చికి పోయేవాళ్ళకు ఈస్టరు ముందు నలభై రోజులు. ఎవరి లెక్క వాళ్ళదే గానీ, గమనించండి, ఆడవాళ్ళు ఉండే ఉపవాసాల్లో సగానికి పైగా వేరేవాళ్ళ కోసమే. మొగుడి ఆయుష్షు, బిడ్డ పరీక్ష, అల్లుడి ఉద్యోగం. కాబట్టి "నీ కోసం నువ్వు కడుపు మాడ్చుకో, జబ్బు పోతుంది" అని ఎవరైనా అంటే మనకది వైద్యంలా వినిపించదు, వ్రతంలా వినిపిస్తుంది. వ్రతానికి ఎదురు ప్రశ్న వేయం. మధ్యలో ఆపితే పాపమని కూడా అనుకుంటాం. మా వదిన ఆరో నెలలో ఒకరోజు గుక్కెడు మజ్జిగ తాగి, రెండు రోజులు ఏడ్చింది.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి పోయినవాళ్ళకు తెలుసు, అక్కడ ఆరోగ్య రొట్టె అని ఉంటుంది. నీళ్ళలో దిగి, జబ్బు తగ్గాలని కోరుకుని ఒకరి చేతిలో రొట్టె ఇంకొకరు పుచ్చుకుంటారు. నేనూ వదిన కోసం పట్టాను. అక్కడ రొట్టె ఇచ్చిన ఆమె ఎవరో నాకు తెలియదు, కానీ మందులు ఆపమని మాత్రం చెప్పలేదు. మొక్కుకూ, మందు మానిపించే వైద్యానికీ మధ్య తేడా అదే.

ఇక పాత సంగతికి వస్తాను. పెన్న ఒడ్డున ఇందుకూరుపేట మండలంలో పల్లిపాడు ఉంది కదా. అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించారు. స్థలం సమకూర్చింది పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మగారు. తర్వాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది కూడా ఆమే. ఆశ్రమం నడిపినవాళ్ళు దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు. ఈ హనుమంతరావుగారికి రాట్నం మీద ఎంత నమ్మకమో ప్రకృతి చికిత్స మీదా అంత నమ్మకం. తొట్టి స్నానం, మట్టి పట్టీ, పథ్యం, లంఖణం. ఆశ్రమం పెట్టిన కొద్దియేళ్ళకే చిన్న వయసులోనే ఆయన పోయారు.

ఈ తొట్టి స్నానాలు మన ఋషులు చెప్పినవని చాలామంది అనుకుంటారు. నేనూ అట్లానే అనుకునేదాన్ని. నిజానికి ఇవి జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి వచ్చినాయి. లూయీ కూనే అని ఒకాయన 19వ శతాబ్దంలో పుస్తకం రాశాడు. జబ్బులన్నీ ఒకటే, ఒంట్లో పేరుకున్న మలిన పదార్థమే వాటన్నిటికీ మూలం, దాన్ని స్నానాలతోనూ పథ్యంతోనూ బయటికి పంపితే అన్నీ పోతాయి అన్నది ఆయన సిద్ధాంతం. అది ఆ శతాబ్దం చివర్లోనే తెలుగులోకి వచ్చింది. దేశంలో ముందుగా వచ్చిన అనువాదాల్లో మనదొకటి. ఇవాళ ఫోన్లో వచ్చే "ఒంట్లో విషాలు బయటికి పోవాలి" అనే మాటకు ముత్తాత ఆ పుస్తకమే.

ఆ కాలంలో ఆ మాటకు అంత బలం రావడంలో తప్పు పట్టను. పెన్సిలిన్ లేదు. పల్లెల్లో డాక్టరు లేడు. చేతిలో ఉన్నవి నీళ్ళు, మట్టి, ఎండ, ఆకు. దమ్మిడీ ఖర్చు లేని వైద్యం. తెల్లవాడి మందు మీద ఆధారపడక్కర్లేదన్న ఆత్మాభిమానం కూడా అందులో ఉంది.

గాంధీగారి విషయంలో నాకు నచ్చినదీ నచ్చనిదీ రెండూ చెబుతాను. నచ్చనిది ముందు. దక్షిణాఫ్రికాలో కస్తూర్బాకు రక్తస్రావం వచ్చి ఆపరేషను అయింది. తర్వాత మళ్ళీ మొదలైతే ఉప్పూ పప్పూ మానమన్నాడాయన. ఆమె ఊరుకోలేదు. ఎవరైనా చెబితే నువ్వు మానగలవా అని అడిగేసింది. ఆయన అక్కడికక్కడే ఏడాది పాటు మానేస్తున్నానని ఒట్టు పెట్టుకున్నాడు. పాపం ఆమె ఏడ్చి, నేను మానేస్తాను, నువ్వు ఒట్టు వెనక్కి తీసుకో అని బతిమాలింది. తీసుకోలేదు. ఆత్మకథలో ఇదంతా ఆయనే రాసుకున్నాడు, దాన్ని తన జీవితంలో తీపి జ్ఞాపకంగా. నేను చదివినప్పుడు మాత్రం కస్తూర్బా వైపు కూర్చుని చదివాను. ఇంట్లో పథ్యం ఎవరు పెడతారు, ఎవరు చేస్తారు, కాదంటే ఏమవుతుందనే లెక్క నూరేళ్ళకు పైగా ఏమీ మారలేదు.

నచ్చినది రెండు సంగతులు. 1924 జనవరిలో జైల్లో ఉండగా ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. ప్రకృతి చికిత్సని అంతగా నమ్మిన మనిషి, పూనాలో సాసూన్ ఆస్పత్రిలో కల్నల్ మాడక్ అనే ఇంగ్లీషు డాక్టరు చేత ఆపరేషను చేయించుకున్నాడు. ఇంకొకటి మన రాజమండ్రి సంగతి. 1929లో ఆంధ్రదేశం తిరిగినప్పుడు అక్కడ సుందరం గోపాలరావు అనే ప్రకృతి వైద్యుడు వండని తిండి గొప్పదని చెప్పాడు. గాంధీగారు మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదం, పచ్చి కూరలు, తేనె, నిమ్మరసంతో మొదలుపెట్టి, తన పత్రికలో వారం వారం రాశాడు. నీరసం వచ్చింది, విరేచనాలు పట్టుకున్నాయి. ఆగస్టుకల్లా ఆపేసి, ఆపేశానని కూడా పత్రికలోనే రాశాడు. మా వదినకు ఆకు చెప్పినాయన ఏడు నెలల్లో ఒక్కసారి కూడా గడ్డ కొలవలేదు. తగ్గకపోతే నమ్మకం చాల్లేదన్నాడు.

పల్లిపాడు ఆశ్రమానికి సరిగ్గా నూరేళ్ళకు, 2021 మే నెలలో, అదే తీరాన కృష్ణపట్నం పేరు దేశమంతా మోగింది. ఇందుకూరుపేటకూ ముత్తుకూరుకూ మధ్య తోటపల్లిగూడూరు ఒక్కటే అడ్డం. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆక్సిజన్ లేదు, బెడ్డు లేదు, ఏ ఇంట చూసినా భయం. బొణిగి ఆనందయ్యగారు తెల్లజిల్లేడు పూలు, వేపాకు, మారేడు, పసుపు, తాటిబెల్లం, తేనె వంటివాటితో మందు చేసి డబ్బు తీసుకోకుండా పంచారు. జనం వేలల్లో వచ్చారు, అంబులెన్సుల్లో రోగులను కూడా తీసుకొచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరీక్షలు చేయించి, మే 31న కంట్లో చుక్కలు తప్ప చాలావరకు అనుమతించింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ చెప్పింది ఇది. హాని చేసేది ఏదీ కనపడలేదు, కొవిడ్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు. డాక్టర్లు రాసిన మందులు ఆపవద్దని కూడా ప్రభుత్వం చెప్పింది. మా ఇంట్లో అందరం తిన్నాం. నేనేమీ ఎగతాళి చేయడంలేదు. ఆకలి మీద ఉన్నవాడికి అన్నం రుచి అడక్కూడదు, ఆ నెలలో మాకు కావలసింది ఏదో ఒక ఆధారం.

అయితే ఆ వేసవి తర్వాత మా పక్క ప్రతి జబ్బుకీ ఒక ఆకు పుట్టింది. కొవిడ్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి దానంతట అదే తగ్గేది. పచ్చకామెర్లకు పసరు పోస్తారు, వాటిలో చాలావాటిని కాలేయమే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పుత్తూరు కట్టు కడతారు, కదలకుండా ఉంచితే ఎముక తానే అతుక్కుంటుంది. తనంతట తాను తగ్గే జబ్బుకు ఏ మందిచ్చినా మందుకు పేరొస్తుంది. ఆ పేరును పట్టుకుని అదే మనిషి దగ్గరికి క్యాన్సరుతో పోతేనే కొంప మునిగేది. క్యాన్సరు ఆగి చూడదు. మొదట్లో నొప్పి కూడా ఉండదు కాబట్టి, ఆకు తాగిన మూడు నెలలూ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మా వదిన దీపావళికి పిండివంటలు చేసిపెట్టింది, "చూడు, నాకేమీ లేదు" అంటూ.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసిన సంగతి. కడుపు మాడ్చి గడ్డను మాడ్చాలన్న ఆలోచన పూర్తిగా తప్పు కాదు. దాన్ని నిజం చేసి చూపించినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. ఆయన మాడ్చింది మనిషిని కాదు, అంతే.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలవుతాయి, రక్తం తగ్గిపోతుంది. తనకూ అదే వస్తే మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు చికిత్స చేశారు. వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఆయనకు ఎంబీబీఎస్ బదులు తక్కువ రకం పట్టా దక్కింది. తర్వాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. అంటే ఆకుల వైద్యాన్ని చిన్నచూపు చూసే మనిషి కాదు. 1922లో అమెరికా పోయారు, మళ్ళీ రాలేదు. ఇక్కడ భార్య శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆ ఎదురుచూపు గురించి ఎవరూ పుస్తకం రాయలేదేమని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంకోపక్క 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడ మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక పాలిపోయి చనిపోతున్నారు. వాళ్ళు తినే తిండిలో ఏదో కొరతుందని పట్టుకుని, ఈస్టుతో చేసే మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే రక్తం పట్టింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని కాస్తంత తీసి, ఆకులో దొరికింది కాబట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఇప్పుడు మనకు కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే మాత్ర అదే. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి జట్టు.

రక్తం పట్టించే మందు కదా, రక్త క్యాన్సరుకు పనికొస్తుందేమోనని బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం రకాలు ఇచ్చి చూశాడు. పాలకూరలో ఉన్నదే, మంచిదే. కానీ ఆ పిల్లల్లో జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనపడింది. ఒక జబ్బుకు అమృతమైనది ఇంకో జబ్బుకు మేత అయింది. "ఆకుకూర మంచిది" అనే మాటను నేను నా జీవితంలో కొన్ని వేలసార్లు అని ఉంటాను. ఇది చదివిన రోజు పాలకూర కట్ట చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను.

ఫార్బర్ అక్కడ ఆగలేదు. పెరిగేందుకు క్యాన్సరు కణానికి ఇది కావాలంటే, ఇది అందకుండా చేస్తే? సుబ్బారావుగారి జట్టు ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, కణాన్ని మోసం చేసే పదార్థాలు చేసిపెట్టింది. అందులో అమినోప్టెరిన్ ఒకటి, దాన్ని తయారుచేసినవాళ్ళలో డోరిస్ సీగర్ అనే ఆవిడ ఉంది. కణం అదే తన తిండి అనుకుని పట్టుకుంటుంది, పట్టుకున్నాక పెరగలేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు: 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బు పేరు చెబితే రోజులు లెక్కపెట్టడమే. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో పోయారు, 53 ఏళ్ళకు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌తో 1956లో, కాన్పు తాలూకు మాయ నుంచి పుట్టే క్యాన్సరును ఆడవాళ్ళలో పూర్తిగా నయం చేశారు. గడ్డ రూపంలో ఉండే క్యాన్సరును మందుతోనే నయం చేయడం అదే మొదలు.

చూశారా, ఇదీ ఉపవాసమే. ఒక్క కణానికి, ఒక్క విటమిను విషయంలో. మనిషి మాత్రం తిని బలంగా ఉండాలి, లేకపోతే ఆ మందును తట్టుకోలేదు. మా ఇంట్లో మేము సరిగ్గా తలకిందులు చేశాం. మనిషిని మాడ్చాం. గడ్డ మాత్రం ఆమె కండలోంచి, కొవ్వులోంచి తనకు కావలసింది తీసుకుంటూనే ఉంది. (ఇది చదివి ఎవరూ పాలకూర మానకండి. మామూలు మనిషికి ఆకుకూర మంచిదే. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు ఫోలిక్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి.)

ఆకుల సంగతీ అంతే. మన ఇసక నేలల్లో నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు ఉంది కదా, దాని ఆకు చక్కెర జబ్బుకు మంచిదని మా జేజి నమిలేది. చాలా దేశాల్లో అదే నమ్మకం. 1950ల్లో జమైకా నుంచి ఎవరో పంపిన ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడికి చేరాయి. ఎలుకలకు ఆ రసం తాగిస్తే చక్కెర తగ్గలేదు, ఏమీ కాలేదు. సూదితో ఎక్కిస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి చచ్చిపోయాయి. చక్కెర మందు దొరకలేదని పారేయకుండా, తెల్లకణాలను తగ్గించేది రక్త క్యాన్సరుకు పనికిరాదా అని ఆలోచించారు. వాటిలోంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల లుకేమియాకు ఇప్పటికీ విన్‌క్రిస్టిన్ వాడతారు. గ్రాముల మందు కోసం బండ్లకొద్దీ ఎండుటాకు కావాలి, మోతాదు కొంచెం దాటితే నరాలు దెబ్బతింటాయి. పెరట్లో మందుంది, నిజమే. పెరట్లో నమిలితే మందు కాదు, కొన్నిసార్లు విషం.

ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే సందేశం ఒకటుంది, మీకూ వచ్చే ఉంటుంది. ఉపవాసం ఉంటే ఒళ్ళు తన క్యాన్సరు కణాలను తానే తినేస్తుందని జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు, నోబెల్ ఇచ్చారు అని. నోబెల్ ఇచ్చిన మాట నిజం. 2016లో యోషినోరి ఒసుమికి ఇచ్చారు. ఆయన చూసింది ఈస్టు కణాలను. తిండి అందనప్పుడు కణం తన లోపలి పాత సామాన్లను తానే అరగదీసి వాడుకునే పద్ధతిని వివరించాడు. ఉపవాసంతో క్యాన్సరు పోతుందని ఆయన చెప్పలేదు. పైగా ముదిరిన క్యాన్సరు కణాలు కూడా అదే పద్ధతితో తమను తాము కాపాడుకోగలవు.

డాక్టర్లు ఉపవాసాన్ని అసలు పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నారు. నెదర్లాండ్స్‌లో 131 మంది రొమ్ము క్యాన్సరు స్త్రీలలో సగం మందికి కీమో ముందు మూడు రోజులూ, కీమో రోజూ బాగా తక్కువ తిండి ఇచ్చి చూసి, 2020లో ఫలితం చెప్పారు. కీమో బాధలు తగ్గలేదు. గడ్డ కుంచించుకోవడంలో కాస్త మేలు కనపడింది. చివరిదాకా ఆ తిండి మీద నిలబడినవాళ్ళు మాత్రం కొద్దిమందే. ఇంకా తేలవలసింది ఉంది. తేలినా అది కీమోతో పాటు, కీమో బదులు కాదు.

బదులు ఏమవుతుందో 2018లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క కట్టారు. ఇంకా దూరం పాకని క్యాన్సరు ఉండి, ఆస్పత్రి మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మీదే ఆధారపడిన 281 మందిని, అదే వయసు, అదే దశలో ఆస్పత్రి వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోల్చారు. మొత్తం మీద చావు ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సరులో అయిదు రెట్లకు పైనే. ఆ పేజీ నేను రెండోసారి చదవలేదు.

తిండి, అలవాట్లు క్యాన్సరును ఆపలేవా అంటే, రాకముందు ఆపడంలో వాటి పని చాలా ఉంది. మన కోస్తాలోనే పెద్ద ఉదాహరణ ఉంది, అది శ్రీకాకుళం వైపు. అక్కడ పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ తాగేవాళ్ళు, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. అంగిలికి పుండు, దాని మీద క్యాన్సరు. 1960ల నుంచి విశాఖ డాక్టర్లు, తర్వాత బొంబాయి టాటా సంస్థ పరిశోధకులు ఊరూరా తిరిగి నోళ్ళు చూశారు. కేరళ, గుజరాత్, శ్రీకాకుళం పల్లెల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళకు నచ్చజెప్పి, తగ్గించినవాళ్ళలో క్యాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు తగ్గాయని 1986లో ప్రకటించారు. ఏ ఆకూ తాగించలేదు, ఒక ఆకు మానిపించారు. మా జేజి ఆకూవక్కలో పొగాకు కాడ దవడన పెట్టుకునేది. అది మానమని ఎవరూ చెప్పలేదు, బిళ్ళగన్నేరు నమలమని మాత్రం అందరూ చెప్పారు.

మనం ఆకు దగ్గరికి ఎందుకు పోతామో నాకు తెలుసు. కత్తి భయం ఒకటి. జుట్టు పోతుందని ఒకటి. రొమ్ము తీసేస్తే మొగుడు ఏమంటాడోనని ఒకటి, పైకి చెప్పం. డబ్బు ఒకటి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషనుకూ కీమోకూ దారి దొరికింది గానీ, బస్సు చార్జీలు, తోడు వచ్చేవాళ్ళ కూలి, ఇంట్లో వంట ఎవరు చేస్తారనే బెంగ ఏ కార్డులోనూ ఉండవు. ఆకు చెప్పినాయన మా వదినతో గంటసేపు మాట్లాడాడు, పేరు పెట్టి పిలిచాడు. పెద్దాస్పత్రిలో మూడు నిమిషాలు. అది కూడా నిజమే, దాచను.

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పలేదు. గిన్నెలు కడిగేసి చెయ్యి తుడుచుకుని, తలుపు వేసి, "ఎక్కడో చూపించు" అన్నాను. కుడివైపు, చంకకు దగ్గరగా, శనగగింజంత. "ఎన్నాళ్ళయింది?" అంటే, "వినాయకచవితప్పుడు చూసుకున్నా అక్కా. ఇంట్లో చెప్పలా" అంది. గడ్డలన్నీ క్యాన్సరు కాదనీ, ఎక్కువ భాగం కావనీ, అయినా చూసి చెప్పాల్సింది నేనూ ఆకూ కాదనీ మాత్రం చెప్పాను. వదిన పాత ఫైల్లోంచి ఆస్పత్రి నంబరు తీసి ఫోను చేశాను. మంగళవారం పదిగంటలకు రమ్మన్నారు.

నిన్న రాత్రి మళ్ళీ వచ్చింది, ఈసారి ముందు వాకిట్లోంచి. వాళ్ళాయనకు చెప్పిందట. ఆయనా వస్తానన్నాడట.

"పొద్దున ఏమీ తినకుండా రావాలా అక్కా?" అంది.

"అక్కర్లేదంట, అడిగాను. నేను ఇడ్లీ కట్టుకొస్తా, బస్సులో తిందాం."